రాయి, రాజు, పాములవాడు – లంకలో తెలుగు జాడలు

ఈ వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద పాఠం లాంటి వ్యాసం ఒకటి రాయమని మమ్మల్ని అడిగారు. పోటీ పరీక్షలకు పనికొచ్చే ప్రశ్నలు, జవాబులు ఇద్దామా అని మొదట అనుకున్నాం. అవి గైడుల్లో బోలెడున్నాయి. అందుకని వేరే సంగతి ఎంచుకున్నాం. పరదేశం పోయినవాడికి అక్కడి పాత కట్టడాల్లో, అక్కడి మనుషుల్లో తన సొంత నేల ఎలా ఎదురుపడుతుంది అన్నది ఈ వ్యాసంలోని విషయం. ఆ పరదేశం మనకు దగ్గరదే, శ్రీలంక.

ముందు ఒక యాత్రికుడి గురించి చెప్పాలి. క్రీ.శ. 399లో ఫాహియాన్ అనే బౌద్ధ భిక్షువు చైనాలోని చాంగాన్ నగరం నుంచి కాలినడకన బయలుదేరాడు. గుప్తుల కాలం పాఠంలో ఆయన పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది, మార్కు కోసం గుర్తుపెట్టుకుని మర్చిపోతాం. అప్పటికే ఆయన వయసు మళ్ళినవాడు. భిక్షువులు పాటించవలసిన నియమాల గ్రంథాలు తమ దేశంలో సరిగా లేవని, వాటి ప్రతుల కోసం ఎడారులూ మంచు కొండలూ దాటి వచ్చాడు. ఉత్తర భారతమంతా తిరిగి, బెంగాలు తీరాన తామ్రలిప్తి రేవులో ఓడ ఎక్కి, 14 రోజులకు లంక చేరాడు. అక్కడ రెండేళ్ళు ఉన్నాడు.

అప్పటి లంక రాజధాని అనురాధపురం. అక్కడి అభయగిరి విహారంలో 5000 మంది భిక్షువులున్నారని ఆయన రాశాడు. ఆ విహారంలో జేడు అనే పచ్చరాతి బుద్ధవిగ్రహం ఉండేది. ఒకరోజు దాని ముందు నిలబడినప్పుడు, ఎవరో వర్తకుడు కానుకగా పెట్టిన తెల్లని పట్టు విసనకర్ర ఆయన కంటబడింది. అది చైనా పట్టు. ఇల్లు విడిచి ఏళ్ళు గడిచాయి. తోడు వచ్చినవారిలో కొందరు వెనుదిరిగారు, కొందరు దారిలో చనిపోయారు. కొండలూ చెట్లూ మనుషులూ అన్నీ కొత్తవే. ఆ విసనకర్రను చూసి ఏడ్చేశానని ఆయనే రాసుకున్నాడు. అంత పెద్ద స్తూపాలను, అంత మంది సన్యాసులను చూసి చలించని మనిషిని అర గజం గుడ్డ ఏడిపించింది.

ఒక తెలుగువాడు లంకకు పోతే ఆ విసనకర్ర లాంటిది ఏం కనబడుతుంది? ఇది మేము పీజీ చదివే రోజుల్లో మాకు మేమే వేసుకున్న ప్రశ్న. మా దగ్గర పాస్‌పోర్టు లేదు. ఈ ప్రయాణమంతా యూనివర్సిటీ లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల దగ్గర చేసినదే. టిక్కెట్టు ఖర్చు లేదు గానీ జెరాక్సుల ఖర్చు మాత్రం బాగానే అయింది.

మనకు సముద్రం కొత్త కాదు. మన చిల్లకూరు మండలంలో తూర్పుకు నడిస్తే తెల్ల ఇసుక నేలలు, బకింగ్‌హాం కాలువ, ఆపైన సముద్రం. ఉత్తరాన కృష్ణపట్నం రేవు. ఈ తీరంలో ఓడ అనేది బతుకులో భాగం. ఇంకా పైకి పోతే మోటుపల్లి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని ఆయన పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. మన తాతల కాలానికి వస్తే, 1914 నుంచి మద్రాసులో రైలెక్కి ధనుష్కోడిలో దిగి, ఓడలో తలైమన్నారు చేరే వీలుండేది. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడి కొట్టుకుపోవడంతో ఆ దారి తెగింది.

లంకలో మొదటి తెలుగు జాడ రాయి. పల్నాటి సున్నపురాతి మీద అమరావతి శైలిలో చెక్కిన బౌద్ధ శిల్పాలు కొన్ని ఆ దీవిలో దొరికాయి. అంటే మన కృష్ణా తీరపు రాయి ఓడెక్కి అక్కడికి పోయిందన్నమాట. అక్కడి పాత స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన కట్టడాలుంటాయి. మిహింతలేలోని కంటక చేతియంలో ఇవి బాగా నిలిచి ఉన్నాయి. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు ఉండే ఆయక వేదికలు వీటికి చుట్టాలని చరిత్రకారులు చెబుతారు. మెట్ల మొదట్లో పరిచే అర్ధచంద్రాకారపు రాయి లంక శిల్పానికి పేరు తెచ్చింది. అలాంటి రాళ్ళు నాగార్జునకొండలోనూ బయటపడ్డాయి.

రాకపోకలు ఒకవైపే జరగలేదు. నాగార్జునకొండలో క్రీ.శ. 3వ శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది. తామ్రపర్ణి, అంటే లంక, ఆచార్యుల కోసం తాను చైత్యగృహం కట్టించానని అందులో చెప్పింది. అక్కడ సింహళ విహారం పేరుతో ఒక విహారమే ఉండేది. పరదేశం నుంచి చదువుకోవడానికి, చదువు చెప్పడానికి వచ్చినవారికి వసతి కట్టించిన ఆమె రాణి కాదు, గృహస్థురాలు. హాస్టలు అన్నంతో పెద్దయిన మనకు ఆ శాసనం మిగతావాటికన్నా కొంచెం ఎక్కువ అర్థమవుతుందని మా అభిప్రాయం.

రెండు చోట్లా రాళ్ళ గతి మాత్రం ఒకేలా లేదు. అనురాధపురంలో దుట్ఠగామణి రాజు క్రీ.పూ. 2వ శతాబ్దంలో కట్టించిన రువన్వేలిసాయ స్తూపం దగ్గర ఈ రోజుకూ తెల్లబట్టలు కట్టుకున్న జనం పూలు పెడుతున్నారు. బోధివృక్షపు కొమ్మను అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిందని చెబుతారు. ఆ చెట్టు కింద పూజ ఆగలేదు. 1982లో యునెస్కో ఆ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన అమరావతి దిబ్బను మొదట ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో లండన్ చేరాయి. వాటిని ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో చూడాలి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. తవ్వి తీసినవి కొండ మీదికి చేర్చారు గనుక కొన్నయినా మిగిలాయి.

రెండో జాడ రాజు. ఇది విని మా క్లాసులోనే చాలామంది నమ్మలేదు. లంక చివరి రాజ్యం కాండీ. అక్కడి రాజులు మధుర నాయకుల బంధువర్గం నుంచి రాణులను తెచ్చుకునేవారు. ఆ నాయకులు విజయనగర కాలంలో తెలుగు సీమ నుంచి దక్షిణానికి పోయినవారు. 1739లో కాండీ రాజు నరేంద్రసింహుడు వారసుడు లేకుండా చనిపోతే, రాణి తమ్ముడు శ్రీవిజయ రాజసింహుడు గద్దె ఎక్కాడు. అప్పటి నుంచి 1815 దాకా నలుగురు నాయక్కర్ రాజులు ఏలారు.

వారిలో రెండోవాడైన కీర్తిశ్రీ రాజసింహుడు (1747–1782) గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆయన పుట్టుకతో బౌద్ధుడు కాదు, ఆ నేలవాడూ కాదు. కానీ లంకలో భిక్షు దీక్ష ఇచ్చే పరంపర తెగిపోయి ఉంటే, సయాం నుంచి ఉపాలి థేరోను, ఆయన వెంట భిక్షువులను రప్పించి 1753లో దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. కాండీలో ఏటా జరిగే ఎసల పెరహెర ఊరేగింపు అంతకుముందు నాలుగు దేవాలయాల దేవతలది. బుద్ధుని దంతధాతువు ఆ ఊరేగింపుకు ముందు నడిచే పద్ధతి ఆయన కాలంలో వచ్చింది. ఎసల అంటే మన ఆషాఢమే. ఏనుగు మీద పేటిక, డప్పులు, దివిటీలు, కాండీ నాట్యం చేసేవాళ్ళు, ఇవన్నీ చూడటానికి లోకం నలుమూలల నుంచి జనం వస్తారు. దంతధాతువు ఊరేగింపు అంతకన్నా పాతదే. ఊరేగింపుకు పది రోజుల ముందు అలంకరించిన ఏనుగు మీద నుంచి డప్పు కొట్టి చాటేవారని మన ఫాహియాన్ అనురాధపురంలో చూసి రాశాడు. ఆ పాత ఆచారానికి నేటి రూపం ఇచ్చినవారిలో తెలుగు మూలాల రాజు ఒకడు. ఆయన్ని పరాయివాడని కొందరు ప్రధానులు 1760లో చంపబోయారు కూడా.

నాలుగోవాడు శ్రీవిక్రమ రాజసింహుడు. కాండీ చెరువు ఆయన తవ్వించినదే. దంతమందిరం ముందున్న ఎనిమిది మూలల మంటపమూ ఆయన కాలానిదే. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. మార్చి 2న రాసుకున్న ఒడంబడికలో ఆ వంశాన్ని 'మలబారు' జాతి అన్నారు. రాజు బంధువులైన మగవారు అనుమతి లేకుండా ఆ రాజ్యంలో అడుగు పెట్టకూడదని షరతు పెట్టారు. తెలుగు అన్న మాట ఆ కాగితంలో లేదు. రాజును వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే చనిపోయాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది. గూడూరులో రైలెక్కి తిరుపతి, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగితే వేలూరు పక్కనే. లంక దాకా పోలేకపోయినా లంక రాజు దగ్గరికి మనం పోగలం. ఆయన సింహాసనం ఇంగ్లండు పోయి, 1934లో తిరిగి లంకకు వచ్చింది. రాజు మాత్రం రాలేదు. కాండీ దర్బారులో ఇవాళ తెలుగు మాట వినబడదు.

మూడో జాడ పాములవాడు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

శ్రీలంకలో అహికుంటకులు అనే సంచార జాతివారు కొన్ని వేల మంది ఉన్నారు. అహి అంటే పాము. మన నిఘంటువుల్లో 'ఆహితుండికుడు' అనే మాట ఉంది, పాములాడించేవాడని అర్థం. సింహళ మాట దానికి దగ్గరదే. తమిళులు వారిని కురవర్ అంటారు. మగవాళ్ళు నాగుబామును, కోతిని ఆడించేవారు. ఆడవాళ్ళు చెయ్యి చూసి జోస్యం చెప్పేవారు. గాడిదల మీద సామాను వేసుకుని, తాటాకు లాంటి పెద్ద ఆకుల గుడిసెలు వేసుకుని, ఒకచోట వారం దాటి ఉండకుండా తిరిగేవారు. ఇప్పుడు చాలామంది ఊళ్ళలో స్థిరపడ్డారు. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గరి కుడాగమ, తూర్పు తీరంలో అక్కరైపట్టు వైపున్న అలిగంబె అలాంటివి. ఒకచోట బౌద్ధులైతే మరోచోట క్రైస్తవులు. కొందరి పిల్లలు సింహళంలో చదివితే మరికొందరు తమిళంలో చదువుతారు. ఊరిని బట్టి మతం, బడిని బట్టి పేర్లు మారాయి.

మారనిది ఇంటి మాట. అది తెలుగు. తమిళ, సింహళ మాటలు కలిసిన తెలుగు. దాన్ని వారు రాయరు, ఆ లిపి నేర్పే బడి వారికి లేదు. తల్లి నోటి నుంచి బిడ్డ చెవికి, అంతే. రాజుల రాకకు తేదీలున్నాయి, 1739 అని మనం ఠక్కున చెప్పగలం. వీరి రాకను ఏ ఆస్థానమూ తేదీ వేసి రాయించలేదు.

ఇక్కడ ఆగి లెక్క చూడండి. రాయి మీది తెలుగు సంబంధం పండితులకు తప్ప తెలియదు. రాజుగారి తెలుగు ఆయనతోనే పోయింది. భూమి లేని, బడి లేని, ఊరి బయట గుడిసె వేసుకున్న వాళ్ళ నోట మాత్రం అది తరాల పాటు నిలిచింది. అనురాధపురం చూడటానికి పోయే తెలుగు యాత్రికుడికి ఫాహియాన్ విసనకర్ర గర్భగుడిలో దొరకదు. అది గుడి బయట, బుట్ట ముందర పెట్టుకుని కూర్చున్న మనిషి నోట్లో ఉంటుంది.

మన పత్రికల్లో వీరి గురించి అప్పుడప్పుడు వస్తుంటుంది. లంకలో కూడా తెలుగు బతికి ఉందని మురిసిపోతూ రాస్తారు. ఆ మురిపెం మాకు పూర్తిగా నచ్చదు. ఇక్కడ మన ఊళ్ళలో పాములు పట్టేవాణ్ణి ఎక్కడ కూర్చోబెడతాం? సముద్రం అవతల ఉంటే తెలుగు జాతి రత్నం, కాలువ గట్టున ఉంటే యానాది.

నెల్లూరు తీరంలో యానాదుల సంగతి ఇది చదివేవారిలో చాలామందికి మేము చెప్పనక్కరలేదు. ఏ కలుగులో ఎలుక ఉందో, ఏ కలుగులో పాము ఉందో చూసి చెప్పగలరు. విషానికి ఏ వేరు కట్టాలో పెద్దవాళ్ళకు ఒక లెక్క ఉంటుంది. (కాటు పడితే మాత్రం వేరు కోసం చూడకుండా ఆసుపత్రికే పోవాలి, తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.) శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి అడవిలో బతికిన యానాదులు చాలామంది దీవి విడవవలసివచ్చింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళ పాలనలో నేరస్థ జాతుల చట్టం ఉండేది. 1871లో మొదలైన ఆ చట్టం కింద పుట్టుకతోనే మనిషి దొంగల లెక్కలోకి పోయేవాడు. ఎరుకలవారిని కావలిలో, స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేసేవారు. 1952లో ఆ చట్టం రద్దయింది. దాని మీద పోరాడినవారిలో మన నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. యానాదుల మీద ఆయన రాసిన పుస్తకం 1962లో వచ్చింది. లైబ్రరీలో దొరికితే తప్పక చూడండి.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఎరుకలవారు, కొరవలు, కురవర్లు ఒకే మూలపు పేర్లు. మన దగ్గరి ఎరుకల ఇళ్ళలో మాట్లాడే కుర్రు భాష తమిళానికి దగ్గరది. అంటే తెలుగు సీమలో తమిళం లాంటి మాటను, లంకలో తెలుగు మాటను దాచుకున్నది ఇలాంటి సంచార జనమే. ఎరుకలసాని ఎరుక చెప్పడం, అహికుంటక స్త్రీ చెయ్యి చూడటం కూడా పోల్చి చూడదగ్గవే.

మేము హాస్టలులో ఉన్నప్పుడు మా గదిలో ఒక ఎరుకల స్నేహితుడు ఉండేవాడు. ఇంటి నుంచి ఫోను వస్తే ప్రహరీ దాకా పోయి గొంతు తగ్గించి మాట్లాడేవాడు. మాకు అర్థం కాకూడదని కాదు, మేము విని నవ్వుతామని. అతను చదువులో మాకన్నా ముందుండేవాడు. ఇవాళ ఉద్యోగంలో ఉన్నాడు. తన కొడుక్కి ఆ భాష రాదని ఆ మధ్య కలిసినప్పుడు చెప్పాడు. అందులో బాధ ఉందో లేదో అతని ముఖం చూస్తే తెలియలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిమి మేమే కాబట్టి ఈ విషయంలో మా మాట సూటిగా చెబుతాం. కుడాగమ పిల్లవాడు పాము బుట్ట దించి బడికి పోవాలి. మన తెలుగు సరదా కోసం అతను బుట్ట మోస్తూ ఉండాలని కోరుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ చదువుకు రుసుముగా తల్లి మాటను కట్టించుకోవడం కూడా న్యాయం కాదు. రెండూ కలిసి నిలవడం సాధ్యమే. మద్రాసుకు దక్షిణాన వడనెమ్మేలిలో ఇరుళవారి పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం 1978 నుంచి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తరవాత పాము తోళ్ళ వ్యాపారం మీద వచ్చిన నిషేధంతో వారి పాత జీవనం పోయింది. పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకు ఇచ్చే ఇంజెక్షను మందు తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరుళ పాములవాళ్ళకు, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు పద్మశ్రీ ఇచ్చారు. పూర్వీకుల విద్య అదే, దాని చోటు మారింది.

భాషకు అలాంటి సంఘం మనమే పెట్టుకోవాలి. దానికి నిధులు అక్కరలేదు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి. పాముల్లో ఎన్ని రకాలు, ఒక్కోదాన్ని ఏమంటారు. కాలువలో చేపలకు, రొయ్యలకు, వలలకు పేర్లేమిటి. ఏ నెలలో వచ్చే గాలిని ఏమంటారు. వాళ్ళు ఎలా పలికితే అలాగే రాయండి, పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. ఇంట్లో కుర్రు మాట్లాడేవాళ్ళయితే ఆ మాటలనూ తెలుగు అక్షరాల్లో రాయవచ్చు, పక్కన అర్థం రాస్తే చాలు. చెప్పినవారి ఊరు, వయసు, తేదీ వేయడం మర్చిపోకండి. లంక పాములవాళ్ళకు లేనిది ఆ తేదీయే కదా. కొత్త నోటుబుక్కు కొననక్కరలేదు, నిరుటి సైన్సు రికార్డు వెనక ఖాళీ పేజీలు సరిపోతాయి.